రిక్తాసన భారము

హేమంత ప్రభాతమున మంచుతెర మెల్లమెల్లన తొలగుచుండ, పెన్నాతీరమందలి నాపరాతి బీళ్ల నడుమ నల్లని పట్టెవలె సాగిన చిన్న విమానక్షేత్రము బాలభాస్కర కిరణములు సోకి తళతళలాడుచుండెను. కముజుపిట్టల కూతలు తప్ప వేరు సవ్వడి లేని ఆ వేళ, నేతగాని కూతురును విమానచోదన విద్యార్థినియునగు చౌడేశ్వరి, కొత్తచక్రము తొడిగిన విమానముచెంత ఏకాకినియై నిలిచియుండెను.

గడచిన వారము ఆమె మొట్టమొదటిసారి గురువు తోడు లేక ఎగసి, దిగునప్పుడు విమానము నేల నంటక తేలుచునే పోవగా, భీతిచే దాని ముక్కును బలిమిని క్రిందికి త్రోసెను. అది నేలను మోది ఎగిరి మరల మోదగా ముందుచక్రము విరిగెను. ముక్కున తిరుగు పంకా తారుబాటను చీల్చెను. దేహమునకు గాయము కాలేదు గాని, నాటినుండి భోజనశాలలో ఆమె కూర్చున్న బల్లకడకు సహపాఠు లెవ్వరును రారైరి. దురదృష్టము అంటువ్యాధియని తలచిరో, ఏమి పలుకవలెనో తోచకుండిరో, వారి మనసు వారికే యెరుక. నేడును సరిగా దిగలేనిచో ఆమె చదువు ముగిసినట్లే.

"ఏమ్మా, మళ్లా చక్రం నాటేకి పోతాండావా? పోయిన తూరి నాటింది ఇంగా మొలకెత్తలేదే," అని మరమ్మతుపనివాడు కదిరప్ప పరిహసించెను.

గురువు మస్తాన్‌వలీ ఆమెతో ఒక చుట్టు ఎగిరి వచ్చిన పిమ్మట, ఆమె ప్రక్కనున్న తన ఆసనమునుండి దిగి, దాని పట్టీని ఖాళీగానే బిగించెను.

"సూడు పాపా, నేను దిగితే బండి తేలికైతాది. అందుకే బిన్నా కిందికి రాదు. తొయ్యద్దు. ముక్కు రవంత పైకి పట్టుకోని కాచుకో. నేల యాడికీ పోదు."

"కాచుకునేదే కష్టం సార్. పక్కన ఎవురూ లేకుంటే శానా సేపనిపిస్తాది."

గురువు తలుపు మూసి దూరముగా తొలగెను.

ఆకాశమున ఆమెకు ఆ రిక్తాసనమే తోడు. క్రింద పెన్న యిసుక తెల్లగా మెరయుచుండెను. ఆమె చుట్టు తిరిగి బాటకు దిగి రాగా పంకా చీల్చిన మచ్చ కానవచ్చెను. విమానము నాటివలెనే తేలసాగెను. చేయి త్రోయుటకు తహతహలాడెను. అప్పు డామెకు తల్లి తలపునకు వచ్చెను. ఆ యిల్లాలు ప్రతిదినము మగ్గపుగుంటలోనికి కాళ్లు దింపుచు, అవి నేల నంటకమున్నే గాలిలో ఒకింత నిలిపి, పాదస్పర్శను సైరింపుమని భూదేవిని వేడుకొనెడిది. చౌడేశ్వరి విమానపు ముక్కు నెత్తిపట్టి,

"అమ్మా, ఓర్చుకో," అనెను.

అది కన్నతల్లితో పలికెనో, భూమాతతో పలికెనో, ఆమెకే తెలియదు. మచ్చ వెనుకకు జారిపోయెను. వెనుకచక్రములు మెత్తగా నేల నంటెను. పిమ్మట ముందుచక్రము తనంతట తానే వ్రాలెను.

ఎవ్వరును చప్పట్లు కొట్టలేదు. కదిరప్ప వంగి చక్రమును పరికించి, "ఈ తూరి నాటలేదే," అని తల యాడించుచు పోయెను.

వేడినవారినే భూదేవి మన్నించునా? వేడక వ్రాలు పక్షుల మాట యేమి? చౌడేశ్వరి యెరుగదు. ఆమె తలుపు తెరచి కాళ్లు వ్రేలాడవైచి, నేల నంటకయే వానిని కొంతసేపు నిలిపెను. ప్రక్క ఆసనమున పట్టీ ఖాళీగానే బిగిసియుండెను.