జారిన నురగ

2021 అక్టోబరు తొమ్మిది, శనివారం. ఆ మధ్యాహ్నం హాడాక్ చేపతో చౌడర్ అనే చిక్కటి పాల సూపు నేనే కాచుకుని, సరిగ్గా ఉడకని బంగాళాదుంప ముక్కల్ని మర్యాదగా నమిలి మింగాను. సాయంత్రం చర్చి హాల్లో మా గురువారం బృందం బొమ్మల ప్రదర్శన.

ప్రతి గురువారం రేవు పక్క రాళ్ల మీద కూర్చుని సముద్రాన్ని నూనె రంగుల్లో వేసే మనుషులం మేము. నా భార్య మ్యూరియల్ పోయాక ఆమె స్టూలు ఖాళీగా ఉండటం చూడలేక వాళ్లు నన్ను కూర్చోబెట్టారు. అది జాలి తప్ప నాలో ప్రతిభ చూసి కాదు. బళ్లో రేఖాగణితం చెప్పి రిటైరైనవాణ్ణి. నా అలలు త్రిభుజాల్లా లేచేవి, నురగ కాలీఫ్లవర్‌లా పూసేది. ఒక అల సగం వేసేలోపు ఇంకా మంచి అల వచ్చేది. పాతది గీకేసి దాని వెంటపడేవాణ్ణి. సాయంత్రానికి కాన్వాసు మీద గిన్నెలు కడిగిన నీళ్లు మిగిలేవి.

బృందానికో నియమం ఉంది. ప్రదర్శన రోజు హాలు తలుపు మూసేదాకా ప్రతివాళ్ల బొమ్మా గోడ మీద ఉండాలి. వరసగా రెండేళ్లు లేకపోతే ఆ చోటు కొత్తవాళ్లకి ఇచ్చేస్తారు. నిరుడు నా బొమ్మ లేదు. బొమ్మలు పోతే పోనీ, గురువారం పోతే మాత్రం వారం మొత్తంలో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే.

అందుకని ఈసారి ఒకే అలని పట్టుకుని వదల్లేదు. అంచు దగ్గర వెలుతురు దూరే ఆ పల్చటి ఆకుపచ్చ నాకే ఆశ్చర్యం కలిగేలా కుదిరింది. ఆ సంబరంలో, మెరుపు కోసం తెల్లరంగులో అవిసెనూనె ధారాళంగా కలిపి, నురగని కేకు మీద క్రీములా మెత్తాను. వంటగది బల్ల మీద పడుకోబెట్టినంతసేపూ అది బుద్ధిగానే ఉంది. హాల్లో గోడకి తగిలించాక క్లిఫర్డ్ కేకేశాడు. ఫెర్రీ నడిపి మానేసిన మనిషి. నా బొమ్మ కిందే అతని పడవ బొమ్మ ఉంది.

"ఏవయ్యా మాస్టారూ, నీ అల కదుల్తోంది!"

"ఊరుకో, మరీ అంత పొగడకు."

"పొగడ్త కాదయ్యా బాబూ, వచ్చి చూడు!"

నురగ బెత్తెడు కిందికి జారింది. దాని కొసన వేలాడుతున్న తెల్లటి చుక్క నేను చూస్తుండగానే అతని పడవ మీద పడింది.

"అయ్యో! ఉండు, తీసేస్తాను" అని చెయ్యి చాపాను.

క్లిఫర్డ్ నా మణికట్టు పట్టుకున్నాడు. "తీస్తే నీ గురువారం పోదూ? ఉండనీ. నా పడవ ఇప్పుడు కాస్త నీళ్లలో ఉన్నట్టుంది."

"పాడైపోతుంది క్లిఫ్."

"పాడవడానికి బాగుండాలి కదా!"

జనం మూగారు. ఒకావిడ కుర్చీ లాక్కుని మరీ కూర్చుంది. ఎక్కడిదాకా వస్తుందో చూసే కదులుతానంది. నా జీవితంలో నా బొమ్మని ఎవరైనా అంతసేపు చూడటం అదే మొదలు.

ఇంతలో బృందం పెద్ద ఆర్లీన్ వచ్చింది. కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగింది. నురగతోపాటు నాకు కుదిరిన ఆ ఆకుపచ్చ రంగు కూడా ఊడి రావడానికి సిద్ధంగా ఉంది.

"ఆర్లీన్ గారూ, కాసేపట్లో ఇది గోడ మీద కాదు, నేల మీద ఉంటుంది. నియమం ప్రకారం..."

"నియమం పెట్టిందే నేను. నాకు పాఠం చెప్పకండి మాస్టారూ. ఇంత నూనె పోస్తుంటే మ్యూరియల్ ఊరుకునేదా?"

"చీపురు తీసేది."

ఆర్లీన్ నవ్వు ఆపుకుంటూ జనం వైపు తిరిగింది. "కోట్లు వేసుకోండమ్మా అందరూ! చలి ముదురుతోంది, ఇవాళ పెందరాళే మూసేద్దాం."

మూయడానికి ఇంకా గంట ఉందని గోడ గడియారం చెబుతోంది. అటు ఎవరూ చూడలేదు. కుర్చీ ఆవిడ కూడా గొణుక్కుంటూ లేచింది.

అందరం మెట్లు దిగాక ఆర్లీన్ దీపాలు ఆర్పింది. ఆ తలుపు ఎప్పుడూ గోడలదిరేలా పడుతుంది. ఆమె రెండు చేతులతో పిడి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చప్పుడు కాకుండా దాన్ని మూసింది.