రెండో బ్రేకు

నేను ఒక డ్రైవింగ్ స్కూలు కారును. అందరి కార్లకూ ఒక బ్రేకు పెడలుంటే నాకు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది ఎడమపక్క కూర్చునే కామేశం మాస్టారి కాలి కింద. ఎవరు ఏది తొక్కినా నేను ఆగుతాను. నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఫ్యాక్టరీ నుంచి ఒక కాలువల కంట్రాక్టరు ఇంటికి వచ్చాను. ఆయన వెనక సీట్లో కునుకు తీయడం తప్ప నన్ను పట్టించుకున్న పాపాన పోలేదు. అక్కణ్నుంచి రాజమండ్రిలో మాస్టారి చేతికి వచ్చాను. ఆయన రెండో పెడలు బిగించి, నెత్తి మీద స్కూలు బోర్డు పెట్టారు.

పద్దెనిమిదేళ్లు ఊళ్లో సగం మంది నా మీదే నేర్చుకున్నారు. మాస్టారిదో అలవాటు. గేదె అడ్డం వచ్చినా, ఆటో అడ్డం వచ్చినా, నేర్చుకునేవాడి కంటే ముందు ఆయన కాలే పడేది. వాడు మాత్రం చెమట తుడుచుకుని, "నేనే ఆపానండి మాస్టారూ!" అనేవాడు. "ఆపావు, ఆపావు" అనేవారాయన. నాకు నవ్వొచ్చేది. డాక్టర్లూ, ప్లీడర్లూ, కొత్త పెళ్లికొడుకులూ అందరూ ఆ మాటే నమ్మి లైసెన్సులు పట్టుకెళ్లారు. మాస్టారి భార్య కనకరత్నం గారూ అంతే. లైసెన్సయితే వచ్చింది గానీ, ఆయన పక్కన లేకుండా ఆవిడ నన్ను ఒక్కసారీ నడపలేదు.

నాలుగేళ్ల కిందట మాస్టారు గుండెపోటుతో పోయారు. అప్పట్నుంచీ నేను రేకుల షెడ్డులోనే ఉన్నాను. కదలని బండికి కష్టమేముంటుందని మనుషులనుకుంటారు. కదలకపోవడమే కష్టం. బ్రేకు ఆయిలు చెమ్మ పీల్చుకుంది, సిలిండర్లు తుప్పు పట్టాయి, లోపలి రబ్బర్లు బిగుసుకుపోయాయి. ఒకసారి నా కింద పిల్లి పిల్లల్ని పెట్టింది. అవి కళ్లు తెరిచి తమ దారిన పోయాక మళ్లీ నేనొక్కదాన్నే. మాస్టారి కాలికి అరిగి నునుపెక్కిన ఆ రెండో పెడలు మీద దుమ్ము పేరుకుంటుంటే నాకు ఏడుపొచ్చేది.

దసరాకి మాత్రం నన్ను మరిచేవారు కాదు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, టైరుకొక నిమ్మకాయ. స్టార్టు కాని బండి నిమ్మకాయలు తొక్కడమెలా? వెనక నుంచి తోసి మరీ తొక్కించేవారు! మొన్నటి దసరాకి ఆ పని మాస్టారి తమ్ముడు సోమశేఖరం మీద పడింది. "వదినగారూ, మీరు స్టీరింగు దగ్గర కూచోండి. నిమ్మకాయలు చితగ్గానే బ్రేకెయ్యండి" అని తోశాడు. నిమ్మకాయలు చితికాయి. ఆవిడ తొక్కారు. పెడలు నేలకంటింది. నేను వాకిలి వాలులో జారిపోయి గేటుకు గుద్దుకుని ఆగాను. దిష్టి పోవడానికి చేసిన పూజలో నా ఎడమ దీపం పోయింది.

"ఇంకెందుకండీ ఇది? ఇనప సామానోడికి ఇచ్చేద్దారండి" అన్నాడు సోమశేఖరం. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. కారు చస్తే కిలోల లెక్కే.

ఆవిడ చేతులింకా స్టీరింగు మీదే ఉన్నాయి. "నేను తొక్కితే ఇది ఎప్పుడైనా ఆగిందో లేదో నాకే తెలీదు, శేఖరం. బ్రేకులు బాగుచేయిస్తాను. ఒక్కసారి నా అంతట నేను ఆపగలిగితే ఇది ఇంట్లో ఉంటాది. లేదంటే నీ ఇష్టం" అన్నారు.

మెకానిక్ మీరావలి వచ్చి కొత్త బ్యాటరీ పెట్టాడు. చక్రాలు ఊడదీసి తుప్పు గీకాడు. కొత్త రబ్బర్లు వేసి, డికాషన్‌లా నల్లబడ్డ ఆయిలు పారబోసి కొత్తది పోశాడు. ఇక పైపుల్లో గాలి తీయాలి. అది ఒక్కడి పని కాదు. ఒకరు పెడలు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదలాలి. కనకరత్నం గారు తలుపు తీసి ఎక్కారు. స్టీరింగు వైపు కాదు, మాస్టారి సీట్లో.

"తొక్కండమ్మగారూ... పట్టుకోండి... ఆఁ, వదిలేయండి" అని కింద నుంచి మీరావలి. మొదట మెత్తగా దిగిపోయిన పెడలు తొక్కగా తొక్కగా గట్టిపడింది. ఆవిడ పాదం ఆయన అరగదీసిన చోటే ఉంది. కళ్లు తుడుచుకుంటూనే తొక్కారు.

"అయిపోయిందండి. మరి ఈ రెండోది ఉంచమంటారా?"

"తీసెయ్యి మీరావలీ. అదుంటే, ఆయన తొక్కుతారులే అని నా కాలు ఊరుకుంటాది."

పెడలు ఊడింది. నేలలో మూడు బోల్టు కన్నాలు మిగిలాయి.

మీరావలి వీధి చివరిదాకా నడిపి చూసి సరేనన్నాక, మర్నాడు పొద్దున్నే ఆవిడ ఒక్కరే నన్ను గోదావరి గట్టు మీదికి తీసుకెళ్లారు. గట్టు దిగే వాలులో గేదె అడ్డం వచ్చింది. పాత అలవాటు కొద్దీ ఎడమపక్క నుంచి కాలు పడుతుందని చూశాను. పడలేదు. కుడిపక్క కాలే పడింది. గేదెకు మూరెడు దూరంలో ఆగాను.

ఆవిడ చెమట తుడుచుకుని, ఖాళీ సీటు వైపు తిరిగి, "నేనే ఆపానండి" అన్నారు.

ఇన్నేళ్లలో ఆ మాట నిజం కావడం నేను చూసింది అప్పుడే. "ఆపావు" అనడానికి ఆయన లేరు. నేనే అందామంటే నాకున్న నోరు హారనొక్కటే. దాన్ని మీరావలి ఇంకా బాగుచేయలేదు.