అవే అయిదక్షరాలు

నేను ఒక చెక్క బిళ్లను. అక్షరాలు పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట ఉంది చూశారూ, ఆ ఆటపెట్టెలోదాన్ని. నా ముఖం మీద 'క్యూ' అనే అక్షరం, మూలన చిన్నగా పది అనే అంకె ఉంటాయి. కుదురుగా ఒకచోట కూర్చునే యోగం నాకు ఎప్పుడూ లేదు. సంచిలో చెయ్యి పెట్టి నన్ను తీసినవాళ్ల కళ్లు ముందు మెరుస్తాయి, పది మార్కులు కదా అని. మరుక్షణం పక్కన పెట్టడానికి 'యూ' లేదని గుర్తొస్తుంది. ఇక అక్కణ్ణించి నన్ను ఎలా వదిలించుకోవాలన్నదే వాళ్ల బెంగ. ఆట అయ్యేసరికి చేతిలో మిగిలిపోతే నా పది మార్కులూ కోతపడతాయి మరి.

నా మొదటి యజమాని గుంతకల్లు రైల్వే కాలనీలో ఉండే డెన్నిస్ అనే ఇంజన్ డ్రైవరు. ఓడిపోయేలా ఉన్నప్పుడు ఆయన భార్య నన్ను గుట్టుగా కుర్చీ దిండు కిందకి తోసేసేది. ఆ దిండు కింద ఊపిరాడక ఎన్ని సాయంత్రాలు గడిపానో! ఆస్ట్రేలియా వెళ్లిపోయేటప్పుడు వాళ్లు సామానంతా అమ్మేశారు గానీ, మా పెట్టెను మాత్రం ఆశీర్వాదం అనే ఆయనకు ఊరికే ఇచ్చారు.

ఆశీర్వాదం స్టేషన్లో అనౌన్సరు. అప్పటికింకా మనిషే మైకు ముందు కూర్చుని చెప్పే రోజులు. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో మూడు భాషల్లో ఆయన గొంతే చెప్పేది. ఇంటికొస్తే మాత్రం మనిషి అంతగా మాట్లాడడు. ఆ లోటు భార్య సలోమి తీర్చేది. రైల్వే బడిలో టీచరమ్మ. పిల్లలు లేరు. సాయంత్రం కాగానే ఇద్దరూ మమ్మల్ని ముందేసుకునేవాళ్లు. ఆయన మౌనంగా మాట పేర్చడం, ఆమె "ఇది యాడుంది మాట? అర్థం చెప్పు ముందు!" అని తగువు పెట్టుకోవడం, ఆయన నవ్వుతూ అర్థం చెప్పడం, ఇలా సాగేది.

ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటూ ఆశీర్వాదం కుప్పకూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. గొంతు పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆయన నోట "ఆ... ఆ..." అనే శబ్దం తప్ప మరొకటి రాలేదు. తల ఊపినా అది అవునో కాదో ఎవరికీ అంతుపట్టేది కాదు.

కర్నూలు నుంచి సలోమి తమ్ముడు జకరయ్య వచ్చాడు. చెడ్డవాడు కాదు. అక్క ఒళ్లు సగమైపోయిందని నిజంగానే బాధపడ్డాడు. బావ మంచం పక్కనే నిలబడి, బావ అక్కడ లేనట్టుగా మాట్లాడాడు.

"అక్కా, బావ ఉన్నా లేనట్టే. మనం చెప్పేది ఆయనకు ఏం తెలుస్తాది? పగలంతా బడి, ఇంటికొస్తే ఈ చాకిరి, ఎన్నాళ్లు చేస్తావు? మా ఊర్లో ఇట్లాంటోళ్లను చూసుకునే ఆశ్రమం ఉంది. చేర్పిద్దాం."

"తెలుస్తాదిరా ఆయనకు," అంది సలోమి. గబగబా పెట్టె తెచ్చి మమ్మల్ని పళ్లెంలో కుమ్మరించి ఆయన ఒడిలో పెట్టింది. "నువ్వే అడుగు."

జకరయ్య చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచాడు. "బావా! నేను చెప్పేది నీకు అర్థమైతాందా?"

ఎడమ చెయ్యి నెమ్మదిగా పళ్లెంలోకి వచ్చింది. ముందు నన్నే వెతికి పట్టుకుంది. తర్వాత యూ, ఐ. అక్కడ వేళ్లు తడబడ్డాయి. 'ఈ' పెట్టాడు. 'టీ' పెట్టాడు.

"క్వయట్," అని చదివాడు జకరయ్య. "నిశ్శబ్దంగా ఉండమంటాండాడు. మనల్ని పొమ్మంటాండాడక్కా. నేనడిగిందేమి, ఆయన చెప్పేదేమి?"

సలోమి మళ్లీ మళ్లీ చూసింది. అర్థం లేని అక్షరాలైతే ఎవరికైనా అనుమానం వచ్చేది. మేము కూర్చున్న తీరులో తప్పేమీ కనబడలేదు. డిక్షనరీలో ఉన్న మాటే. ఆయన చెయ్యి మళ్లీ మా వైపు కదిలేలోపే ఆమె పెదవి కొరుక్కుని మమ్మల్ని పెట్టెలో వేసేసింది.

ఆ రోజు నుంచి ఆ ఇల్లు మూగబోయింది. ఆయన కోరింది నిశ్శబ్దమే అనుకుని సలోమి రేడియో కట్టేసింది. పక్కింటి కుళ్లాయమ్మను రోటి పచ్చడి నూరవద్దని బతిమాలింది. తనూ చెప్పులు విడిచి పిల్లిలా నడిచింది. కంచం పెట్టేటప్పుడు కూడా నోరు విప్పేది కాదు. ఆయన మాత్రం కంచం తోసేవాడు, గోడను ఎడమ చేత్తో బాదేవాడు. ఆమె ఇంకా మెత్తగా నడిచేది. పెట్టెలో నాకు కాలు నిలిచేది కాదు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

చివరికి సలోమి ఓడిపోయింది. జకరయ్యను రమ్మని కబురు పెట్టింది. అతను వచ్చే పూట భర్త చొక్కాలు మడిచి ట్రంకుపెట్టెలో సర్దింది. సర్దుతూ సర్దుతూ ఏమనిపించిందో, మా పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చెయ్యి ఆత్రంగా లోపలికి దూకింది. మళ్లీ నేను, యూ, ఐ, ఈ, టీ.

సలోమి ఇక పట్టలేకపోయింది. "ఇంగెంత నిశ్శబ్దంగా ఉండాలయ్యా? ఊపిరి గూడా పీల్చకుండా ఉండాల్నా? నా గొంతు నేనే మర్చిపోయేట్టుండాను గదా!"

అన్ని రోజుల తర్వాత ఆమె గొంతు విని ఆశీర్వాదం ముఖం విప్పారింది. ఆవేశంగా తల అడ్డంగా ఊపాడు. మా వంక తేరిపార చూశాడు. వేళ్లతో 'టీ'ని పట్టుకుని ఈడ్చి, 'ఈ'కి ముందుకు తోశాడు.

"క్వైట్," అని చదివింది సలోమి. "క్వైట్ అంటే పూర్తిగా... పూర్తిగా ఏంది?" అని ఆగిపోయింది. ఆ రోజు తమ్ముడు అడిగిన ప్రశ్న ఆమెకు తట్టింది. మంచం అంచున కూలబడి, చాలా నెమ్మదిగా అడిగింది. "నేను మాట్లాడేది నీకు అర్థమైతాందా?"

ఆయన అరచేతిని మా అయిదింటి మీద బోర్లించాడు. ఆ చెయ్యి ఎంత వేడిగా ఉందో!

జకరయ్య వచ్చి సంగతి విని నమ్మలేదు. "నీ ఆశ కొద్దీ నువ్వే జరిపింటావక్కా." మమ్మల్ని కలిపేసి తనే అడిగాడు. ఆశీర్వాదం చెయ్యి మళ్లీ పాత దారే పట్టింది. 'ఈ', తర్వాత 'టీ'. సలోమి ముఖం పాలిపోయింది. ఏదో అనబోయి చెంగు నోట్లో కుక్కుకుంది. ఆశీర్వాదం తను పేర్చింది తనే చూసుకున్నాడు. విసుగ్గా తల కొట్టుకున్నాడు. ఆ తర్వాత టీని ఈడ్చి సరైన చోట పెట్టాడు.

జకరయ్య మా మీదకి వంగి ఆ మాట మళ్లీ చదివాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అయితే ఆ పొద్దు నేను నీ పక్కన నిలబడి అన్న మాటలన్నీ... ఇన్నావా బావా?"

ఆశీర్వాదం కదలకుండా అతని వంకే చూశాడు. తర్వాత ఒక్క వేలితో మా మీద టకటకా కొట్టాడు. పూర్తిగా.

జకరయ్య కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. ఆ పూట ఏ ఆశ్రమం మాటా ఎత్తలేదు. ట్రంకుపెట్టెలోని చొక్కాలు తనే తీసి అల్మారాలో పెట్టాడు.

ఆ తర్వాత నేను పెట్టెలోకి తిరిగి వెళ్లలేదు. ఇంగ్లీషులో ప్రశ్న అనే మాటకు మొదటి అక్షరాన్ని నేనే కదా. ఆశీర్వాదం నన్ను చొక్కా జేబులో వేసుకుని, ఏదైనా అడగాలనుకున్నప్పుడు తీసి ఎదుటివాళ్ల ముందు పెట్టేవాడు. వాళ్లు ఆగేవాళ్లు. ఆగడం చాలామందికి చేతకాదని, నేర్పితే మాత్రం నేర్చుకుంటారని అప్పుడే తెలిసింది నాకు. మిగతా వేళల్లో ఆయన బొటనవేలు జేబులో నన్ను తిప్పుతూనే ఉండేది. స్టేషన్లో రైలు కూత వినబడితే ఆ తిప్పడం ఇంకా ఎక్కువయ్యేది. అలా అరిగి అరిగి నా అక్షరం చెరిగిపోయింది. పది కూడా పోయింది.

మొన్న సలోమి నన్ను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. "ఏమీ కనపడడం లేదు గదయ్యా. పెన్నుతో మళ్లీ రాయమంటావా?"

ఆయన పెదవులు బిగిశాయి. మెడ నరాలు ఉబ్బాయి.

"వద్దు," అన్నాడు.

సలోమి చేతిలోంచి నేను జారి కిందపడ్డాను. ఆమె నన్ను చూడనే లేదు.

"ఏమన్నావు? మళ్లీ అను."

"వద్దు."

"ఇంగోసారి!"

ఆశీర్వాదం నవ్వాడు. మంచం కింద, చీకట్లో పడి ఉన్న నాకు, ఆ నవ్వూ, దానికి అడ్డొస్తూ సలోమి అరుపులూ చాలాసేపు వినబడుతూనే ఉన్నాయి. నన్ను వెతకాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.