కాళ్లు లేని టవరు

ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగేసరికి చిన్నతల్లి తన ఫోనుకేసి చూసుకుంది. తుపాను పోయిన నాటినుంచి రాళ్లలా పడి ఉన్నవి అవి. బడి మైదానంలో జనం చేతుల్లో, జేబుల్లో, రొంటిన చెక్కిన కొంగుల్లో మోగుతుంటే అందరూ తలలెత్తి చూశారు. కొబ్బరిచెట్టుకి రెండింతల ఎత్తున ఆరు రెక్కల యంత్రం కదలకుండా నిలబడి ఝుమ్మంటోంది. దాని కడుపులోంచి సన్నటి తీగ కింద జనరేటరు దాకా దిగింది. పొద్దున ఫోన్లకి ఛార్జి ఎక్కిందీ ఆ జనరేటరు మీదే.

"మీ టవరు కూలిపోయింది కదమ్మా. దీన్ని కాళ్లు లేని టవరనుకోండి" అన్నాడు దాన్ని తెచ్చిన ఇంజనీరు సంజయ్. విశాఖపట్నం కుర్రాడు.

పొద్దున పెట్టె విప్పినప్పుడు మాత్రం ఊరంతా అతనికి అడ్డం పడింది. డ్రోనంటే వాళ్లకి తెలిసింది ఒకటే. నిరుడు చిన్నతల్లి కన్నవారి ఊరి మీద ఇలాంటిదే ఎగిరింది. ఏదో ఫ్యాక్టరీకి కొలతలన్నారు. నెల తిరక్కుండా ఆమె అన్న జీడితోటలో సర్వేరాళ్లు పాతేశారు.

"ఇదీ ఆ జాతిదే కాదేటి బావూ?" అని పొరుగింటి దేవమణి నిలదీసింది.

"దీనికి కెమెరా కళ్లే లేవు పిన్నీ, కావాలంటే చూసుకో" అని సంజయ్ అటూ ఇటూ తిప్పి చూపించాక గాని ఆమె పక్కకి తప్పుకోలేదు.

చిన్నతల్లికి ఆ గొడవేదీ చెవినెక్కలేదు. కొడుకు నవీన్ లారీలో కొబ్బరికాయలు వేసుకుని బరంపురం వెళ్లాడు. సరుకు దింపి బయల్దేరానని ఫోను చేసిన సాయంత్రమే గాలి మొదలైంది. ఆ తర్వాత కబురు లేదు. మొగుడు అప్పలసూరి రోజూ తోటలోకి పోయి, విరిగిన చెట్ల మధ్య కూర్చుని వస్తాడు. కొడుకు పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు. ఇవాళ కూడా వెలుగు రాకముందే పోయాడు. మైదానం సంగతి అతనికి చెప్పినవాళ్లు లేరు.

"అందరూ ఒకేసారి చేస్తే ఎవరికీ అందదు. వంతులవారీగా చెయ్యండి" అన్నాడు సంజయ్.

ముందు వంతు దేవమణిది. ఆమె వెనక్కి తిరిగి చిన్నతల్లి రెక్క పట్టి లాగింది. "ఓలే, ముందు నువ్వు సెయ్యి. మా సెల్లి సీకాకుళంలో మేడలో కూకుంది, దానికేటవుతాది? నీ గుంటడు రోడ్డు మీదున్నాడు."

చిన్నతల్లి ఫోను చాచితే సంజయే కొడుకు నంబరు నొక్కి ఇచ్చాడు. అటు మోగింది. మోగి మోగి, ఎత్తారు.

"అమ్మా! నానే. లారీ..."

"ఎక్కడున్నావురా నాయనా!"

పైన ఠంగుమంది. యంత్రం ఓ పక్కకి ఒరిగి, గింగిరాలు తిరిగి, తీగతో సహా వంటషెడ్డు రేకుల మీద పడి ముక్కలైంది. చెవి దగ్గర ఇక ఊపిరైనా వినిపించలేదు. 

చెరకుచేను గట్టు మీంచి అప్పలసూరి పరుగెత్తుకొస్తున్నాడు. చేతిలో రాళ్లు విసిరి పిట్టల్ని తోలే వడిసెల. తుపాను తర్వాత అతని ముఖంలో వెలుగు చూడ్డం చిన్నతల్లికి అదే మొదలు.

"దించీసినానే! మీ అన్నకి సేసినట్టు మనకీ సేత్తారేటి? గాలి వదిలేసిన ఆ నాలుగు సెట్లనీ కొలిసీడానికొచ్చీసినారు! గుంటడొచ్చేసరికి ఆడికి తోటైనా ఉండాలి కదేటే!"

చిన్నతల్లి ఫోను ఇంకా చెవి దగ్గరే పట్టుకుని ఉంది. అరిచింది దేవమణే. "నీ సేతులిరగా బావా! అది ఫోన్ల టవరు! మీ ఆవిడ నీ కొడుకుతోటే మాటాడతన్నాది!"

వడిసెల జారి కింద పడింది. అప్పలసూరి విరిగిన యంత్రాన్ని చూడలేదు. పెళ్లాం చేతిలో ఫోనుకేసే చూశాడు.

"ఎత్తినాడా?"

"ఊఁ."

"ఏటన్నాడు?"

"అమ్మా అన్నాడు. లారీ అన్నాడు."

"బాగున్నాడా?"

"అదే సెప్పబోనాడు."

అప్పలసూరి సంజయ్ వైపు తిరిగాడు. అతను రేకుల మీద ముక్కల్ని చూస్తూ, "ఇంకోటి విశాఖపట్నం నుంచి రావాలి, ఎప్పటికొస్తుందో" అన్నాడు. రోడ్డు వైపు చెయ్యి చూపించి, "పెద్దరోడ్డు పక్క టవర్లు నిన్నటినుంచి పలుకుతున్నాయి. నడిచి పోగలిగితే సాయంత్రానికి సిగ్నలు అందుతుంది" అన్నాడు.

"ఫోనియ్యే, నానెల్తాను" అని అప్పలసూరి చెయ్యి చాచాడు.

చిన్నతల్లి ఫోను గుండెకి అదుముకుంది. "నీకివ్వను."

చెప్పుల్లేకుండానే, పడిపోయిన చెట్లు దాటుకుంటూ రోడ్డు వైపు నడిచింది. పిలవకపోయినా అప్పలసూరి వెనక నడిచాడు. ఊరు దాటేదాకా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఫోను మాత్రం మళ్లీ మళ్లీ చెవికి పెట్టుకుంటూనే ఉంది.