ఒక తీగకు రెండు పిందెలు

ఐవరీన్ పొద్దున లేవగానే ముందు కుడిచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టుకునేది, తర్వాతే మొహం కడుక్కునేది. ఆపైన నిన్న బట్టలు జాడించిన నీళ్ళు ముంచి ఒక్కో డబ్బాకూ పోసుకుంటూ పోయేది. స్పానిష్ టౌన్‌లోని ఆ లోగిలిలో మట్టి కంటే సిమెంటే ఎక్కువ. అందుకని పెయింటు డబ్బాల్లో తోటకూర, కిరసనాయిలు డబ్బాల్లో ఉల్లికాడలు, పగిలిన స్నానాలతొట్టిలో కంది, లారీ టైర్లలో గుమ్మడి. విత్తనాలు వంటకు కోసిన కాయల్లోంచి దాచినవే. ఎరువు కుంపటి బూడిద, గుడ్డు పెంకులు. లోగిలిలో నాలుగు కాపురాలున్నాయి. నాలుగింటికీ కూర అక్కణ్ణించే. సంతకు వెళ్ళేది ఉప్పుచేప కోసం మాత్రమే.

వేలి సంగతి అందరికీ తెలుసు. లేత గుమ్మడికి వేలు చూపిస్తే రాలిపోతుందని అక్కడ ప్రతి తల్లీ పిల్లల్ని కసురుతుంది. మిగతా పిల్లల విషయంలో అది ఉత్త కసురే. ఐవరీన్ విషయంలో నిజం. గుమ్మడి, బొప్పాయి, మిరప, ఏ పిందెకు చూపినా సరే, ఆకు కూడా కదలని ఎండలో టప్పున రాలిపోయేది. ముదిరిన కాయ జోలికి మాత్రం వేలు పోయేది కాదు. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఒకరికి మెల్లకన్ను, ఒకరికి నత్తి, ఐవరీన్‌కు వేలు. పక్కవాటాలో ఉండే ఈనస్ తాత తన బొప్పాయి మరీ గుత్తులుగా కాసిందని, కాస్త పలచన చేయమని ఒకసారి ఆమెను పిలిచాడు. ఆమె ఒక్క పిందెకు చూపింది. చెట్టుమీద ఉన్న పిందెలన్నీ రాలాయి. ఆయన నెల రోజులు మాట్లాడలేదు.

ఆమె చెల్లెలు డెల్రోజ్‌కు పెళ్ళయిన పన్నెండేళ్ళకు కడుపు పండింది. నాలుగో నెలలో చంక కింద గడ్డ తేలింది. ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా టైర్ల మధ్య చతికిలబడింది.

"ఏమన్నాడే డాక్టరు?" అంది ఐవరీన్.

"కోస్తే బిడ్డ నిలవదట. కోయకపోతే నేను నిలవనట. మా ఆయన్ని అడిగి చెప్పమన్నాడు."

"లాసెల్స్ ఏమంటాడు?"

"ఏమంటాడు, బస్సు తోలేవాడు? గోడ వైపు తిరిగి కూర్చున్నాడు." డెల్రోజ్ అక్క చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆ గుడ్డ విప్పు. గడ్డ ఇంకా లేతదేగా. అదీ పిందే."

"నీ కడుపులోది మాత్రం? ఈనస్ తాత బొప్పాయి మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అందుకే ముందు గుమ్మళ్ళ మీద నేర్చుకో. ఒక తీగ మీద రెండుంటే, ఒకటి రాల్చి ఒకటి ఉంచడం నేర్చుకో."

ఐవరీన్ ఆ పూట అన్నం తినలేకపోయింది. తన తోటలో ఏ పిందె రాలినా ప్రాణం ఉసూరుమనే మనిషి, మర్నాడు తన చేత్తోనే మొదలుపెట్టింది. ఏడు టైర్లు, ఏడు తీగలు, ఒక్కోదానికి రెండేసి పిందెలు. పక్కనుంచి చూపింది, రెండూ రాలాయి. గుమ్మం దగ్గర నిలబడి దూరం నుంచి చూపింది, రెండూ రాలాయి. రెండోదానికి ఆకు కప్పింది, ఇనప తట్ట బోర్లించింది. తట్ట కిందనుంచి టప్పుమన్న చప్పుడు వినిపించింది. రాలిన పిందెలు కుళ్ళేవి కావు, గంటలో ముడుచుకుపోయి ముసలివాళ్ళ మొహాల్లా అయ్యేవి. కోళ్ళు వాటి దాకా వచ్చి, ముక్కు పెట్టకుండా వెనక్కి నడిచేవి. ఆ వారం లోగిలిలో ఎవరూ పాట పాడలేదు. చారులో గుమ్మడి ముక్క లేదని కూడా ఎవరూ అనలేదు.

ఏడో తీగ దగ్గరకొచ్చేసరికి ఐవరీన్‌కు ఓపిక అయిపోయింది. ఏడుస్తూ మోకాళ్ళ మీద కూలబడి, ఎడమచేత్తో రెండో పిందెను గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో మొదటిదానికి వేలు చూపింది. మొదటిది రాలింది. రెండోది రాలలేదు.

కానీ అరచేతిలో లాగుతోంది. కిందనుంచి ఎవరో చిన్నగా, మర్యాదగా గుంజుతున్నట్టు.

"పట్టు, చెయ్యి తిమ్మిరెక్కింది," అంది చెల్లెలితో. డెల్రోజ్ తన చెయ్యి దూర్చింది. పిందె ఆగింది. నులితీగ ఒకటి ఆ పిందె చుట్టూ ముందునుంచే మూడు చుట్లు చుట్టుకుని ఉంది. ఏం జరుగుతుందో చూద్దామని డెల్రోజ్ తన చెయ్యి తీసింది. నులితీగ బిగిసే ఉంది, పిందె మాత్రం రాలిపోయింది.

"అంటే తీగ పట్టు చాలదు, నా కడుపు నేను పట్టుకున్నా లాభం లేదన్నమాట," అంది డెల్రోజ్ నెమ్మదిగా. "బయటివాళ్ళ చెయ్యే ఉండాలి."

"ఎన్నాళ్ళు?"

"ముదిరేదాకా. ఇంకెంత, అయిదు నెలలేగా."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అందరూ చూస్తుండగా, ఐవరీన్ చెల్లెలి పొట్టమీద ఎడమచెయ్యి ఆనించి, గడ్డకు వేలు చూపింది. చప్పుడేమీ రాలేదు. నాలుగోరోజు డెల్రోజ్ ఒళ్ళు రుద్దుకుంటుంటే గడ్డ ఎండిపోయి గుడ్డలోకి ఊడివచ్చింది. తొడిమ ఊడినచోట ఉండేలాంటి గుండ్రటి మచ్చ మిగిలింది. లాసెల్స్ దాన్ని చూసి, లోపలికి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు.

అప్పటినుంచి అక్కాచెల్లెళ్ళు విడిపోలేదు. బస్సులో, చర్చిలో, సంతలో ఐవరీన్ చెయ్యి చెల్లెలి పొట్టమీదే ఉండేది. చర్చిలో ఆడవాళ్ళు ఏమీ అడక్కుండా బల్లమీద ఇద్దరికీ కలిపి చోటిచ్చేవాళ్ళు. ఐవరీన్ స్నానానికి వెళ్తే లాసెల్స్ పట్టుకునేవాడు, అతను బస్సు ఎక్కాలంటే ఈనస్ తాత. చేతులు మారేటప్పుడు మాత్రం లోగిలంతా ఊపిరి బిగబట్టేది.

"పెళ్ళి చేసుకున్నది ఒకర్ని వదినా, మంచం నిండా ఇద్దరు," అనేవాడు లాసెల్స్, కింద చాప పరుచుకుంటూ.

"నీ గురక వినే శిక్ష నాకెందుకు పడిందో అది చెప్పు ముందు," అనేది ఐవరీన్.

తోటపని మూడు చేతులతో సాగింది. డెల్రోజ్‌వి రెండు, ఐవరీన్‌ది ఒకటి. గుమ్మడి టైర్లలో ఈసారి చిలగడదుంప పెట్టారు. దుంపైతే మట్టిలో ఉంటుంది, దానికెవరూ వేలు చూపలేరు. నవ్వుతూనే ఉన్నా ఐవరీన్‌కు లోలోపల ఒకటే భయం. అరచేతి కింద ఆ గుంజుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. బిడ్డ తన్నిన రోజున కూడా, తన్నుకు అడుగున అది ఉంది.

బిడ్డ పుట్టింది. ఐవరీన్ చెయ్యి పొట్టమీద నుంచి బిడ్డ మీదికి మారింది. మంత్రసాని మిస్ క్లెమీ బొడ్డు కోసి, "ఇక చెయ్యి తియ్యి ఐవరీన్, పక్కమీద పడుకోబెడతాను," అంది.

"ముదిరిందని ఎవరు చెప్పారు?"

"పుట్టాక ఇంకా ముదరడమేమిటి తల్లీ?"

ఐవరీన్ బిడ్డ మడమ మీద బొటనవేలి గోరు ఆనించింది. గుమ్మడి ముదిరిందో లేదో అలాగే చూస్తారు, గోరు దిగితే లేత. గోరు మెత్తగా దిగింది. బిడ్డ కేరుమంది. మిస్ క్లెమీ పరిచిన పక్క చుట్టేసింది.

"ఇలా తే అక్కా," అంది డెల్రోజ్, మంచంమీద నుంచే చేతులు చాచి. "ఇప్పుడు నేనూ బయటిదాన్నేగా."

అలా ఆ బిడ్డను, వెరోనాను, లోగిలిలో ఎవరూ కింద పెట్టలేదు. ఒళ్ళోంచి ఒళ్ళోకి, చంకనుంచి చంకకి మారుతూ పెరిగింది. పాకే వయసులో ఎవరో ఒకరు పాదం పట్టుకుని వెనకాల పాకేవారు. నడక వచ్చాక వేలు పట్టుకునేవారు. నిద్రపోతే చొక్కా అంచు పట్టుకునేవారు. ఈనస్ తాతకు అరవైతొమ్మిదో ఏట నడుము విరిగేలా పాకించిన ఘనత ఆ పిల్లదే. ఐవరీన్ వంతు వచ్చినప్పుడల్లా ముందు గుంజుడు ఉందో లేదో చూసుకునేది. ఉండేది. వెరోనాకు రెండేళ్ళప్పుడూ ఉంది, మూడేళ్ళప్పుడూ ఉంది. ఇంకెన్నాళ్ళని ఎవరూ పైకి అడగలేదు. ఎక్కడైనా జారవిడుస్తానేమోనన్న బెంగతో ఐవరీన్ జుట్టు ముందువైపంతా నెరిసిపోయింది.

వెరోనాకు నాలుగేళ్ళు నిండాక ఒక శనివారం, లాసెల్స్ మధ్యాహ్నం బస్సు దిగి వచ్చేసరికి, ఐవరీన్ తాడుమీద బట్టలు ఆరేస్తోంది. రెండు చేతులతో.

"వదినా, పిల్ల ఎవరి దగ్గరుంది?"

"డెల్రోజ్ దగ్గర."

డెల్రోజ్ వంటింట్లోంచి తల బయటపెట్టింది. చేతులకు పిండి ఉంది. "నా దగ్గరెక్కడుంది? ఈనస్ తాత తీసుకెళ్ళాడుగా."

ఈనస్ తాత తన గుమ్మంలో కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి.

వెరోనా డబ్బాల చివర గొంతుక్కూర్చుని, పొట్లంలోంచి తోటకూర విత్తనాలు చిటికెడు చిటికెడు తీసి మట్టిమీద చల్లుకుంటోంది. చుట్టూ నాలుగడుగుల దాకా ఎవరూ లేరు. ముందుగా కదిలింది ఐవరీనే. ఎడమచెయ్యి చాచుకుని, కోడిపిల్లను పట్టబోయేదానిలా ఒక్కో అడుగే వేస్తూ వెళ్ళింది.

"బంగారూ, నిన్నెవరు పట్టుకున్నారు?" అంది.

"పొద్దున్నుంచీ ఎవరూ పట్టుకోలేదు," అంది వెరోనా తల ఎత్తకుండా. "జరుగు పెద్దమ్మా, నీడ పడుతోంది."

ఐవరీన్ పక్కకు జరిగింది. చాచిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. నాలుగేళ్ళకు పైగా అలవాటైన గుంజుడు కోసం అరచెయ్యి వెతుక్కుంటోంది. అది ఎప్పుడు ఆగిందో, నిన్నో మొన్నో, ఆమెకు తెలియలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా తోచక అలాగే నిలబడిపోయింది.

వెరోనా ఆ చెయ్యి వైపు చూసింది. పొట్లంలో మిగిలిన విత్తనాలు అందులో ఒంపింది.

"ఊరికే నిలబడతావేం, ఇవి పట్టుకో," అని పక్క డబ్బాలో మట్టి గుల్ల చేయసాగింది.