మంట చీటీ

బస్సు డిపో హాకీ జట్టులోని అయిదుగురు ఫార్వర్డ్‌లకూ బాబాయ్ అంటే ప్రాణం. నలభై నాలుగేళ్ల ఆ డిఫెండర్ కొంప ముంచబోతున్నది సరిగ్గా ఆ ప్రేమే.

సంగతేమిటంటే, డిపోల మధ్య జరిగే పోటీలకు పదహారు మంది పేర్లు పంపాలి. పదిహేను పేర్లు రాసిన కాగితం స్టోర్స్ కిటికీ పక్కన బోర్డుకెక్కింది. పదహారో గీత మాత్రం ఖాళీగా ఉంది. దాని కోసం ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఒకరు బ్రేకుల సెక్షన్ మెకానిక్, మన బాబాయ్. పందొమ్మిదేళ్లుగా గోల్ ముందు నిలబడి వచ్చిన బంతినల్లా వెనక్కి పంపిస్తున్న మనిషి. రెండోవాడు కరెంటు సెక్షన్‌లో కొత్తగా చేరిన ఇరవై రెండేళ్లవాడు. వాడి పరుగు చూసి అందరూ మెరుపు అని పిలుస్తారు. బాబాయ్ పరిగెత్తాలంటే ముందు మోకాలు కిర్రుమంటుంది, ఆ తర్వాతే కాలు కదులుతుంది.

ఇలాంటి పేచీ వచ్చినప్పుడు తేల్చడానికి ఆ డిపోలో ఒక ఆనవాయితీ ఉంది. డిఫెండర్ పనికొస్తాడో లేదో చెప్పాల్సింది కోచ్ కాదు, వాడి చేతిలో దెబ్బతినే ఫార్వర్డ్‌లు. ప్రాక్టీసు మ్యాచ్ అయ్యాక ఒక్కొక్కరూ పాత జాబ్ కార్డు వెనక, ఎవడు ఎదురుపడితే తనకు ఒళ్లు మండుతుందో వాడి పేరు రాయాలి. కింద కారణం కూడా రాయాలి. కారణం అందరి ముందూ చదువుతారు. అది నిలబడకపోతే చీటీ చెల్లదు. వీటికి మంట చీటీలని పేరు. ఎవరి మీద మంట ఎక్కువుంటే వాళ్లే జట్టులో ఉంటారు.

పోయిన ఏడాది దాకా బాబాయ్‌ని చూస్తే ఫార్వర్డ్‌లకు చిర్రెత్తుకొచ్చేది. ఈ ఏడాది ఏం పుట్టిందో ఏమో, ఆయన మాస్టారి అవతారం ఎత్తాడు. విరామంలో బత్తాయిలు ఒలిచి తొనలు నోటికి అందించాడు. కాళ్లు పట్టేస్తే నూనె రాశాడు. అంతటితో ఆగాడా? "నన్ను దాటాలంటే కుడివైపు నుంచి రండ్రా, అటు తిరగడానికి నాకు ఓ క్షణం ఎక్కువ పడుతుంది," అని తన గుట్టు తానే విప్పి చెప్పాడు. ఇంతా చేశాక ఎవడికి ఒళ్లు మండుతుంది?

ఈ సంగతి బాబాయ్ బుర్రకు ఎక్కింది మ్యాచ్‌కి రెండు రోజుల ముందు. గుండెల్లో రాయి పడింది. ఆయనకు కప్పుల మీద మోజు లేదు, ఫోటోల మీద అసలే లేదు. కానీ సాయంత్రం గోల్ ముందు నిలబడి ఎదురుగా వచ్చేవాడి కళ్లలోకి చూసే ఆ కాసేపూ తాను దేనికి పుట్టాడో ఆయనకు బాగా తెలుస్తుంది. అది పోతే ఇక సాయంత్రాలు ఏం చేసుకోవాలో ఆయనకు తెలియదు. భయమేసింది. నిజంగానే భయమేసింది.

అదృష్టమో దురదృష్టమో, ఆ అయిదుగురిలో ఒకడు ఇంట్లోనే ఉన్నాడు. భార్య తమ్ముడు. జట్టుకు సెంటర్ ఫార్వర్డ్, డిపోలో టికెట్ మెషిన్లు బాగుచేస్తాడు. మేడమీద కాపురం, కింద భోజనం.

"ఒరేయ్, నువ్వైనా నా మీద కాస్త మండిపడరా," అన్నాడు బాబాయ్ అన్నాల దగ్గర.

"నీ మీదా? ఎలా మండిపడను బావా? సైకిల్ నేర్పింది నువ్వు. నా పెళ్లిలో మా అక్క కంటే ఎక్కువ ఏడ్చింది నువ్వు."

"అవన్నీ మర్చిపో."

"అబద్ధపు చీటీ రాస్తే చెల్లదు బావా. ఒళ్లు మండితే రాస్తా, లేకపోతే లేదు."

బాబాయ్ భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని ఆయన ఆట నిక్కరు నడుము వదులు చేస్తోంది. ఈ ఏడాది అది మూడోసారి. ఆవిడ తల ఎత్తకుండానే అంది: "ఎదుటివాళ్లకి ఒళ్లు మండించడం మీకు రాకపోవడమేంటండీ? రోజూ నా దగ్గర చేస్తున్నదే అక్కడా చెయ్యండి."

"నేనేం చేస్తున్నాను?"

"తడి తువ్వాలు తెచ్చి పొడి బట్టల మీద వేస్తారు. పిలిస్తే పలకరు. నేను ఓ పక్క చెబుతూనే ఉంటే 'ఊఁ' అంటారు, ఒక్క ముక్క వినరు."

బాబాయ్ జేబులోంచి పెన్సిల్ తీసి మూడూ రాసుకున్నాడు.

మర్నాడు డిపోలో ఆ మూడు అస్త్రాలూ వరసగా ప్రయోగించాడు. లెఫ్ట్ వింగ్‌లో ఆడే టైర్ల సెక్షన్ కుర్రాడి ఉతికిన చొక్కా మీద తడి తువ్వాలు పరిచాడు. రైట్ వింగ్ కండక్టర్ "బాబాయ్, బాబాయ్" అని నాలుగుసార్లు పిలిస్తే గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మిగతా ఇద్దరు ఫార్వర్డ్‌లు, అన్నదమ్ములైన డ్రైవర్లు, తమ ఇంట్లో గొడవ చెప్పుకోవడానికి వస్తే "ఊఁ" అన్నాడు. మళ్లీ "ఊఁ" అన్నాడు. పళ్లు బిగబట్టి మూడోసారి కూడా "ఊఁ" అన్నాడు.

పావుగంటలో డిపో అంతా గుప్పుమంది. బాబాయ్‌కి ఒంట్లో బాగోలేదట! టైర్ల కుర్రాడు ఆ తడి తువ్వాలే మడిచి ఆయన నుదుటి మీద వేశాడు. కండక్టర్ కుర్చీ లాక్కొచ్చాడు. అన్నదమ్ముల్లో పెద్దవాడు నర్సుని పిలుచుకొచ్చాడు, చిన్నవాడు చెప్పులిప్పి అరికాళ్లు రుద్దడం మొదలెట్టాడు. నర్సు రక్తపోటు చూసి, "ఈయనకేం, గుండ్రాయిలా ఉన్నారు," అని విసుక్కుంది. అయిదుగురూ ఊపిరి పీల్చుకున్నారు. బావమరిది అయితే పక్కకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

"మీకు దండం పెడతానర్రా," అన్నాడు బాబాయ్, "నన్ను కొంచెం తిట్టండి."

అందరూ పగలబడి నవ్వారు. బాబాయ్ జోకు వేశాడంటే కోలుకున్నట్టే అనుకున్నారు.

ఆ మర్నాడు సాయంత్రం ప్రాక్టీసు మ్యాచ్. కోచ్ అంటే స్టోర్స్ గుమస్తానే. పాత సామాను బల్ల మీద పెడితే తప్ప కొత్తది చేతికివ్వని మనిషి. మనుషుల విషయంలోనూ అంతే నిక్కచ్చి. మొదటి సగం గోల్ ముందు మెరుపు, రెండో సగం బాబాయ్ అని చెప్పి విజిల్ ఊదాడు.

మెరుపు ఆట చూడముచ్చటగా ఉంది. ఫార్వర్డ్‌లు వాణ్ణి దాటారు, కానీ దాటినవాణ్ణి వాడు మళ్లీ పరిగెత్తి పట్టుకున్నాడు. పట్టుకోలేనప్పుడు రెండు గోల్స్ పడ్డాయి. గట్టు మీద కూర్చున్న బాబాయ్ తనకు తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. కొట్టాక నాలిక కరుచుకున్నాడు.

రెండో సగంలో ఆయన దిగాడు. దిగగానే తిట్టాలనుకున్నవన్నీ మర్చిపోయాడు. బంతి కనిపించాక ఆయనకు ఇంకేదీ గుర్తుండదు. టైర్ల కుర్రాడు వస్తే కర్ర అడ్డం పెట్టి, బంతి తీసుకుని, "చొక్కా ఆరిందా నాన్నా?" అని అడిగాడు. కండక్టర్ దూసుకొస్తే రెండడుగులు ముందే వెళ్లి నిలబడ్డాడు. అన్నదమ్ములు ఇద్దరూ కలిసి ఒకసారి దాటారు, గోల్ కీపర్ ఆపాడు. బావమరిది ఆరుసార్లు వచ్చాడు. ఆరుసార్లూ బంతి ఇచ్చి వెళ్లాడు. ఇది కొత్తేమీ కాదు. పదకొండేళ్లుగా వాడు ఎదురెదురుగా బావని ఒక్కసారీ దాటింది లేదు.

మ్యాచ్ అయిపోవడానికి ఒక నిమిషం ఉందనగా ఏడోసారి వచ్చాడు. ఎడమకి వెళ్తున్నట్టు భుజం వంచి, బంతిని కుడికి లాగాడు. బాబాయ్ మోకాలు కిర్రుమంది. ఆ ఒక్క క్షణం చాలింది. బంతి గోల్‌లో పడి వెనక చెక్కకు ఠపీమని తగిలింది.

ఆ తర్వాత బావమరిదికి పూనకం వచ్చింది. కర్ర గాల్లోకి విసిరాడు. చొక్కా విప్పి తిప్పుకుంటూ మైదానం చుట్టూ పరుగెత్తాడు. ఒక చుట్టుతో చాలక రెండో చుట్టు వేశాడు. గోల్ కీపర్‌ని ముద్దు పెట్టుకున్నాడు. నిక్కచ్చి గుమస్తాని అమాంతం ఎత్తి దింపాడు. దారినపోయే వాచ్‌మన్‌ని కావిలించుకున్నాడు. చివరికి వచ్చి బావ మెడకు వేలాడి, "దాటాను బావా! నిన్ను దాటేశాను!" అని పడీ పడీ నవ్వాడు.

బాబాయ్ వాడి వీపు తట్టాడు. లోపల మాత్రం అంతా కూలిపోయింది. ఇంట్లోవాడే, తాను నేర్పిన దారినే, అందరూ చూస్తుండగా దాటేశాడు. ఇక చీటీలు దేనికి?

స్టోర్స్ కిటికీ ముందు అందరూ గుమిగూడారు. గుమస్తా లోపల కూర్చుని చీటీలు ఒక్కొక్కటే విప్పాడు.

మొదటిది పెద్ద డ్రైవర్‌ది. "మెరుపు. దాటినా వదలడు, మళ్లీ వెంటపడతాడు." రెండోది చిన్న డ్రైవర్‌ది. అందులోనూ మెరుపే. "వీడితో పరిగెత్తి నాకు ఆయాసం."

మూడోది టైర్ల కుర్రాడిది. "బాబాయ్. బంతితో వస్తుంటే ప్రేమగా చొక్కా ఆరిందా, సంబంధం కుదిరిందా అని అడుగుతాడు. జవాబు చెప్పేలోగా బంతి ఉండదు. నాలుగేళ్లుగా ఇదే మోసం." అందరూ గొల్లుమన్నారు. నాలుగోది కండక్టర్‌ది. "బాబాయ్. నేను ఎటు వెళ్లాలో నాకింకా తెలియకముందే అక్కడ నిలబడి ఉంటాడు."

చెరో రెండు అయ్యాయి. అయిదోది బావమరిదిది. జాబ్ కార్డు వెనకంతా నిండిపోయి, అంచుల మీద కూడా ఏదో రాసి ఉంది. గుమస్తా కళ్లద్దాలు పైకీ కిందకీ జరిపి, "ఈ కోడిగీతలు నావల్ల కాదు. నువ్వే చదువు," అని కిటికీలోంచి అందించాడు.

"సొంత బావ కదా, వీడిది ఎలా చెల్లుతుంది?" అని గొణిగాడు పెద్ద డ్రైవర్.

"కారణం విన్నాక చూద్దాం," అన్నాడు గుమస్తా.

బాబాయ్ నేల చూపులు చూస్తున్నాడు. బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"మా బావ. నాకు ఈయన మీద ఇంత మంట ఉందని ఇవాళే తెలిసింది. పదకొండేళ్లలో ఇవాళ మొదటిసారి దాటాను. దాటాక మైదానం చుట్టూ రెండుసార్లు పరిగెత్తాను. వాచ్‌మన్ ఎవరో నాకు తెలియదు, ఆయన్ని కావిలించుకున్నాను. మొదటి సగంలో మెరుపుని కూడా దాటాను. కానీ దాటినట్టే నాకు గుర్తులేదు. ఎవరిని దాటితే పిచ్చెక్కిందో వాళ్లే నన్ను ఇన్నాళ్లూ ఆపినవాళ్లు. అంతే."

మెరుపు ముందుకొచ్చాడు. ముఖంలో రోషం లేదు, ఏదో తెలుసుకోవాలన్న తహతహ ఉంది.

"అన్నా, నిజంగా చెప్పు. ఇవాళ నన్ను ఎన్నిసార్లు దాటావు?"

బావమరిది నిజమే చెప్పాడు. "లెక్కపెట్టలేదురా."

మెరుపు ఫక్కున నవ్వేశాడు. పెద్ద డ్రైవర్ తల గోక్కుంటూ, "కారణం నిలబడింది సార్," అన్నాడు. గుమస్తా కలం తీసి పదహారో గీత మీద బాబాయ్ పేరు రాశాడు. ఇందాక వీడు ఎత్తి దింపినప్పుడు అంటిన చెమటకు తన చొక్కా ఇంకా తడిగానే ఉంది కాబట్టి వేరే సాక్ష్యం అక్కర్లేదన్నాడు.

బాబాయ్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండింటినీ ఆపలేదు. మోకాలు కిర్రుకిర్రుమంటున్నా కిటికీ ముందు నాలుగు గంతులు వేశాడు. కండక్టర్ ఈల వేశాడు. టైర్ల కుర్రాడు ఆయన్ని భుజాల మీదికి ఎత్తబోయి, బరువు చూసి మానుకున్నాడు. పందొమ్మిదేళ్లలో ఎప్పుడూ జట్టులో చోటు దొరికినందుకు ఆయనకు ఇంత సంతోషం కలగలేదు. ఇంతకుముందెప్పుడూ అది పోతుందన్న భయం లేదు మరి.

గంతులు అయ్యాక బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"ఏ పక్కనుంచి దాటావురా?"

"కుడివైపు బావా. నువ్వు చెప్పిందే కదా."

"పద. ఆ సందు మూసేస్తాను."

"ఇప్పుడా? అక్క భోజనానికి చూస్తుంటుంది."

"చూడనీ. కర్ర తీసుకో. ఒరేయ్ మెరుపూ, నువ్వూ రా. ఇది నీకూ పనికొస్తుంది."

ముగ్గురూ మళ్లీ మైదానంలోకి దిగారు. వెలుతురు ఇంకా ఉంది. బావమరిది కుడివైపు నుంచి పదమూడుసార్లు వచ్చాడు. రెండుసార్లు దాటాడు, పదకొండుసార్లు బంతి ఇచ్చి వెళ్లాడు. ఏదీ మర్చిపోకుండా మెరుపు పక్కనే నిలబడి, ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టాడు.