సూది కోసం

మిషన్ సూది పుటుక్కున విరిగింది. పై ముక్క మిషన్‌కే ఉంది, మొన మాత్రం బొంతలోకి పోయింది. నెలల పాపకు కుట్టిన దూది బొంత అది. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి పట్టుకెళ్తుంది. ఎంత తడిమినా ఏమీ తగల్లేదు. 

పక్క కొట్లో మా వదిన మోటార్లకు రాగితీగ చుడుతుంది. కేకేస్తే ఓ పొడుగాటి మేకు, తీగ, బ్యాటరీ పట్టుకొచ్చింది.

"మేకుకి తీగ చుట్టి కరెంటిస్తే అయస్కాంతమైపోతుంది. ఉండు, చుడతాను."

"ఇరవయ్యేళ్ళుగా బాబిన్లు చుడుతున్నా. తాతకి దగ్గులు నేర్పకు," అని లాక్కున్నాను.

నూరు చుట్లు ఇటు వేశాను. మెలి పడకూడదని వాటి మీదే ఇంకో నూరు అటు తిప్పి వేశాను. చూడముచ్చటగా వచ్చింది. వదిన తీగ కొసల మీద పూత గీకి బ్యాటరీకి ఆనించింది. గుండుసూది కూడా కదల్లేదు.

"బ్యాటరీ చచ్చినట్టుంది," అన్నాను. తప్పు ఒప్పుకోవడం నా జాతకంలో లేదు.

వదిన తన పనిసంచిలోంచి దిక్సూచి తీసి మేకు పక్కన పెట్టింది. కరెంటిచ్చినా ముల్లు ఉలకలేదు, పలకలేదు. పై వరస విప్పేసి మళ్ళీ కరెంటిచ్చింది. ముల్లు గిర్రున తిరిగింది! బ్యాటరీ తిరగేస్తే వెనక్కి తిరిగింది. నాకు భలే సరదా పుట్టింది. బొంత సంగతే మర్చిపోయి నాలుగుసార్లు తిరగేసి చూశాను.

"చూశావా? కరెంటు ఎటు తిరిగితే అయస్కాంతం అటు. కింద చుట్టినదాన్ని పైన చుట్టింది చెడగొట్టింది, ఆడపడుచు గారూ."

రెండో వరస కూడా ఇటే చుట్టాను. మేకును బొంత మీద మెల్లగా జరుపుకుంటూ వెళ్ళాను. ఒక మూల గుడ్డ కాస్త పైకి లేచింది. సూది మొన పొడుచుకొచ్చి మేకుకి అతుక్కుంది. తీగ తప్పించగానే కింద పట్టిన డబ్బాలో టప్పున పడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మిగతాదీ చూడు," అంది వదిన.

"ఎందుకూ? విరిగింది ఒక్కటేగా. నా చేతి కుట్టులో ఇంకేం ఉంటుంది?" అంటూనే జరిపాను.

గుడ్డ మళ్ళీ లేచింది. ఈసారి గుండుసూది. నేను గుచ్చి మర్చిపోయిందే.

"సూది కోసం సోదికెళ్తే..." అని వదిన ఆపేసింది. సామెతలో మిగతా సగం నాకూ తెలుసు: పాత బాగోతం బయటపడిందట.

నవ్వు రాలేదు. పోయిన వారం ఇంకో పాపకి ఇచ్చిన బొంత గుర్తొచ్చింది. వేడెక్కిన బ్యాటరీ సంచిలో పడేసి, మేకు చేతపట్టుకుని వాళ్ళ వీధికి పరుగెత్తాను.